నాటకానికి తెచ్చిన తలుపు

మొన్న మధ్యాహ్నం వాన పడుతుంటే మా ఇంటి బయట ఎవరో ఆడమనిషి "చేపలమ్మా" అని కేకేసింది. విజయనగరంలో మేముండేది మూడో అంతస్తు. నేను కుర్చీలోంచి లేవలేదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో అంత ముఖ్యమైనది ఏముందో ఇప్పుడు గుర్తు లేదు. "ఈ వేళ వద్దు" అన్నాను. తడి చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి దిగిపోయింది. అది పూర్తిగా వినబడకుండా పోయాక గానీ నా నోట్లోంచి వచ్చిన మాటేమిటో నాకు తెలియలేదు. లేచి వెళ్ళి తలుపు తీశాను. గుమ్మం ముందు నీళ్ళు కారిన మరక ఉంది, మనిషి లేదు.

ఆమె ఎవరో నాకు తెలియదు. చేపలు అమ్మడానికే వచ్చిందో, తడవకుండా కాసేపు నిలబడదామని వచ్చిందో కూడా తెలియదు. బయట వాన పడుతోందని మాత్రం నాకు తెలుసు.

‘ఈ వేళ వద్దు’ అన్న ఆ ఒక్క మాట మీద ఒకప్పుడు ఒక ఊరు ఊరంతా నెల రోజులు వాదులాడుకుంది. దానికి కారణం నేనే. అప్పటికి నాకు పధ్నాలుగేళ్ళు.

మాది భోగాపురం దాటాక సముద్రం ఒడ్డునున్న పల్లె. ఇప్పుడు ఆ పల్లె ఉన్నచోట లేదు. ఇళ్ళు లోపలికి జరిగి కాలనీ అయ్యాయి. నేను బడికి నడిచిన సరుగుడు తోటల దారికి అడ్డంగా విమానాశ్రయం వైపు పోయే వెడల్పాటి రోడ్డు పడింది. ఆ మధ్య వెళ్తే మా ఇల్లు ఉండాల్సిన చోటు ఏదో పోల్చుకోవడానికి నాకే అరగంట పట్టింది.

అప్పట్లో ఇంట్లో ఇద్దరమే, నేనూ మామ్మా. నాన్నను కన్నతల్లిని మేము మామ్మ అంటాం. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. నాన్న ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ రేవుల్లో బోటు పనికి పోయేవాడు. ప్రతి ఆదివారం ఫోను చేసి "బువ్వ తిన్నావా" అని అడిగేవాడు. తిన్నానంటే ఇక అడగడానికి ఏమీ ఉండేది కాదు. ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని అలలు వినేవాళ్ళం, ఆయన ఇక్కడివి, నేను అక్కడివి.

మామ్మ తెల్లారేసరికి రేవులో వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకు పోయేది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళు తిరగేసేది. మా తిండి చోడి అంబలి, అంటే రాగి జావ, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. మా ఇంటి గోడకీ, కప్పుకునే దుప్పటికీ, నా లెక్కల పుస్తకానికీ ఒకటే వాసన. అప్పుడు ఆ వాసనంటే నాకు చచ్చేంత సిగ్గు. ఇప్పుడు బజారుకెళితే ఎండుచేపల దుకాణం ముందు పనిలేకపోయినా నిలబడతాను.

హైస్కూలు లోపలి ఊళ్ళో ఉండేది, మూడు కిలోమీటర్లు నడక. తొమ్మిదో తరగతిలో మా పల్లె నుంచి ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా బెంచీలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఏమీ అనేవాళ్ళు కూడా కాదు, ఊరికే ముక్కు దగ్గరికి చెయ్యి పోయేది. క్లాసు లీడరు మాత్రం ఒకరోజు నేను రాగానే కిటికీలన్నీ తెరిచి "గాలాడాలి" అన్నాడు. మర్నాడు వాడి జామెట్రీ బాక్సులో గుప్పెడు రొయ్యపొట్టు పోశాను. ఆ వారమంతా వాడు వృత్తలేఖిని తీసినప్పుడల్లా వాడి మొహం చూడాలి. ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేశాడట.

అది చూసి పగలబడి నవ్విన ఒకే ఒక్క పిల్ల నాకు నేస్తమైంది. ఆ ఊరి పెద్ద వీధిలో, పెద్దింటి పిల్ల. మా వైపు ఆడపిల్లలు నేస్తం కట్టుకోవడమంటే మామూలు స్నేహం కాదు. ఒకరికొకరు బొట్టు పెట్టుకుని ఒకే ఆకులో తింటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా "నేస్తం" అనే పిలవాలి. మేము బడి వెనక నీళ్ళ ట్యాంకు చాటున, ఆమె తెచ్చిన అరిసె సగం, నేను తెచ్చిన వేపుడు నెత్తళ్ళు సగం తిని నేస్తం కట్టుకున్నాం. వాళ్ళింట్లో చేపలు తింటారు, బడిలో మాత్రం తిన్నట్టు తెలియకూడదు. తిన్నాక వేపాకు నలిపి చేతులకు రాసుకునేది. అది చూసి నాకు కోపం రావాలి. రాలేదు. పక్కన ఒక మనిషి కూర్చుంటే చాలు, ఎన్నైనా వదులుకుంటామని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడు మాకు కొత్త తెలుగు మాస్టారు వచ్చారు. వాళ్ళది తరతరాలుగా గుడిలో పాడే కుటుంబం. ఈయనకు గొంతు రాలేదు, నాటకాల పిచ్చి వచ్చింది. వక్కపొడి నములుతూ పాఠం చెప్పేవారు, మధ్యలో కుర్చీ ఎక్కి అదే రథమనేవారు. బడి వార్షికోత్సవానికి ఏటేటా సినిమా పాటలకు డాన్సులే ఉండేవి. ఆయన వచ్చి, "ఈసారి మన ఊళ్ళ చరిత్ర మీద నాటకం వేద్దాం" అన్నారు.

"మన ఊళ్ళకి సరిత్రేటి మాస్టారూ?" అని వెనక బెంచీ నుంచి ఎవడో అడిగాడు.

"మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళున్నారు కదరా. పుస్తకంలో లేనిది ఒకటి అడిగి పట్టుకురండి. ఒక్కటి చాలు. కల్పించి మాత్రం తేకండి" అన్నారాయన.

ఆ సాయంత్రం మామ్మను అడిగాను. చేపలకు ఉప్పు పట్టిస్తోంది. చేతుల్లో పని ఉంటేనే మాట్లాడే మనిషి, ఖాళీగా కూర్చుంటే నోరు పెగిలేది కాదు.

"పెద్ద గాలివాన సంగతి సెప్పీమంతావేటి?" అంది. "మీ నాన్నప్పటికింకా పుట్నేదు. తెల్లారీసరికి సంద్రం ఇంట్లోకొచ్చీసినాది. మగోళ్ళు పడవల కాడ ఉండిపోనారు. ఆడోళ్ళం పిల్లల్నెత్తుకుని లోపలూళ్ళకి నడిసినాం. నా సంకలో మూడేళ్ళోడు, మీ పెదనాన్న. ఒళ్ళు కాలిపోతన్నాది ఆడికి. తడిసిపోతన్నాడని నా గంపే ఆడి మీద బోర్లించినాను."

నాకొక పెదనాన్న ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలియదు.

"తెలిసినిల్లొకటున్నాది. రోజూ సేపలేసే ఇల్లే. సూరు కింద నిలబడి కేకేసినాను."

"ఏటని కేకేసినావు?"

"ఏటనేటి? సేపలమ్మా, సేపలూ అని."

నేను నవ్వాను. మామ్మా నవ్వింది.

"గాలివానలో సేపలేటి మామ్మా? తలుపు కొట్టొచ్చు గదా?"

"మనం తలుపు కొడతామేటే గుంటా? ఎప్పుడైనా కొట్నామా? ఈదిలో నిలబడి కేకెయ్యాల, ఆళ్ళొచ్చి తియ్యాల. నాకొచ్చిన పిలుపదొక్కటే. వొణుకులో అదే వచ్చినాది."

"తీసినారా మరి?"

"లోపల్నుంచి ‘ఈ యేళొద్దు’ అన్నారు." మామ్మ చేతి ఉప్పు దులుపుకుంది. "వొద్దన్నాక నిలబడకూడదు గదా. ఎల్లిపోనాను. ఈది సివర ఎడ్లసాలలో కూకున్నాను. మూడో రోజుకి ఆడు పోనాడు."

నా మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

"ఏ ఇల్లు మామ్మా అది?"

"ఏదైతే ఏటిప్పుడు? ఆడికి జొరం ముందునుంచీ ఉన్నాది. తలుపు తీస్తే మాత్రం బతికేవోడని ఎవులు సూసినారు? ఆ బుట్టిటందీ."

మర్నాడు అదే క్లాసులో చెప్పాను. కేక దగ్గర అందరూ నవ్వారు, మూడో రోజు దగ్గర ఎవరూ నవ్వలేదు. పిల్లలు ఇంకా చాలా తెచ్చారు, కరువులో చింతగింజలు ఉడకబెట్టుకు తిన్న కథ, ఊరికి మొదటి బస్సు వస్తే హారతి పట్టిన కథ. మాస్టారు అన్నీ విని, నోట్లో వక్కపొడి మింగేసి, "ఇదే వేద్దాం" అని నా వైపు చూశారు. నాకు గర్వంగా అనిపించింది. ఆ సంగతి దాచుకోను. బడిలో అందరూ నా వైపు ఒకేసారి చూడడం అదే మొదలు.

మామ్మ వేషం నాది. పెదనాన్నకు బదులు గుడ్డ మూట. తలుపు వెనక గొంతు నేస్తానిది, ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. ఉన్నది ఒక్కటే మాట గానీ ఆ మాట సరిగ్గా రావడానికి పది రోజులు పట్టింది. ఒకసారి విసుగ్గా అనేది, ఒకసారి రాక్షసిలా అనేది. మాస్టారు తల అడ్డంగా ఊపేవారు. "కోపం వద్దమ్మా. ఆవిడ చెడ్డది కాదు. రోజూ ఇంట్లో ఎలా అంటారో అలా అను" అనేవారు. చివరికి నేస్తం "అయితే మా మామ్మ అన్నట్టంటాను" అంది. అన్నది కూడా. పాత్ర కడుగుతూనో, పువ్వులు మాల కడుతూనో అన్నట్టు, పని ఆపకుండా, తల ఎత్తకుండా "ఈ యేళొద్దు" అంది. అందరం చప్పట్లు కొట్టాం.

హెడ్మాస్టరు గారు ఒకరోజు రిహార్సలు చూసి, పండగ రోజున ఏడుపెందుకు, చివర్లో తలుపు తెరిచేయండి అన్నారు. మా మాస్టారు చేతులు కట్టుకుని, "ఆ రోజు తీశామని ఎవరైనా వచ్చి చెబితే తీయిద్దామండీ" అన్నారు. ఎవరూ రాలేదు.

ఇక తలుపు. అట్టతో చేసిన తలుపు ఫ్యాను గాలికే పడిపోతోంది. నేస్తమే అంది, "మా పాత తలుపున్నాది. కొత్త టేకు తలుపు పెట్టినాక పశువులసాలలో పడీసినారు" అని. నలుగురం వెళ్ళాం. నేస్తం వాళ్ళ మామ్మ, ఆ ఇంటి పెద్దావిడ, కర్ర పట్టుకుని మాతో పాటు సాలలోకి వచ్చింది. ఆవిడకు నేను తెలుసు. "సేపలమ్మ మనవరాలివి గదే" అని పలకరించింది. తలుపు మీద బూజు తన కొంగుతోనే దులిపింది. "జాగర్త, ఇరగ్గొట్టీకండి. మా అత్త కాలంనాటిది" అంటూ మా అందరి చేతుల్లో జంతికలు పోసింది. ఆ తలుపును షేర్ ఆటో పైకప్పు మీద పెట్టి, నలుగురం నాలుగు వైపులా పట్టుకుని, దారిపొడుగునా పాటలు పాడుకుంటూ బడికి తెచ్చాం. ఆ రోజంత సంతోషంగా నేను తర్వాత ఎప్పుడూ లేను.

వార్షికోత్సవం మధ్యాహ్నం మూడింటికి. షామియానా వేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేస్తం వాళ్ళ నాన్న ఊళ్ళో పెద్దమనిషి కాబట్టి ముందు వరసలో ఆయన, పక్కన పెద్దావిడ. మామ్మ ఊళ్ళు తిరిగిన గంపతోనే వచ్చింది. వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, కుళాయి పక్కన నేల మీద కూర్చుంది.

రెండు దుప్పట్ల తెర తీశారు. మూట సంకన పెట్టుకుని, దాని మీద గంప బోర్లించుకుని నేను వచ్చాను. మామ్మ లేచి నిలబడింది. నన్ను బాగా చూడడానికనుకున్నాను. మామ్మ నన్ను చూడలేదు, తలుపును చూసింది.

"సేపలమ్మా... సేపలూ" అని కేకేశాను. జనం నవ్వారు. మళ్ళీ కేకేశాను. తలుపు వెనక నుంచి వచ్చింది, అచ్చం పెద్దావిడ గొంతు.

"ఈ యేళొద్దు."

నేను మూట సర్దుకుని స్టేజీ చివరికి నడిచి కూర్చున్నాను. మాస్టారు నేర్పినట్టే మూట మీది గుడ్డ సరిచేసి, ఇక కదలకుండా ఉండిపోయాను. తెర పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దుప్పటి సందులోంచి చూస్తే పెద్దావిడ కర్ర ఊతంతో లేచి నిలబడి ఉంది.

"ఆ తలుపు మాది" అంది. అది అందరికీ తెలిసిన సంగతే. కానీ ఆవిడ చెప్పింది అందరికీ అర్థమైంది. "ఆ మాటన్నదీ నానే. సేపలే అనుకున్నాను. నాకు తెల్దు."

కుళాయి దగ్గర నుంచి మామ్మ గొంతు వినబడింది. "నీకెలా తెలుస్తాదమ్మా? సేపలనే గదా కేకేసినాను."

అందులో నిష్ఠూరం లేదు. బేరం కుదరనప్పుడు ఎలా మాట్లాడుతుందో అలాగే అంది. గంప నెత్తికెత్తుకుని, నా కోసం ఆగకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. తలుపు వెనక నేస్తం ఇంకా అక్కడే ఉంది. బయటికి రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి మామ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, చేతులు ఖాళీగా ఉన్నాయి. అయినా మాట్లాడింది.

"ఆడు పోయిన పది రోజులకి మళ్ళీ సేపలు పడ్నాయి. మళ్ళీ ఆ గుమ్మానికే ఎల్లినాను. ఇన్నాళ్ళు రానేదేటి, పిల్లలు బాగున్నారేటి అనడిగినాది. బాగున్నారమ్మా అన్నాను. నలభయ్యేళ్ళు దాసుకున్నాను. పది మందిలో ఇప్పీసినావు గదే."

క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఆ రోజు అంబలి నేను కాచాను. మామ్మ తాగలేదు.

ఆ నెలంతా ఊళ్ళో అదే మాట. టీ బడ్డీ దగ్గరా అదే, షేర్ ఆటోల్లోనూ అదే, రేషను వరసలోనూ అదే. "సేపలని కేకేస్తే సేపలే అనుకుంటారు, కలొస్తాదేటి?" అని కొందరు. "గాలివానలో సేపలెవులమ్ముతారు? ఆమాత్రం తెలీదేటి?" అని కొందరు. "కొత్త కోడలు, అత్తుండగా తలుపు తీసే పెత్తనం దానికెక్కడిది?" అని నూతి దగ్గర ఆడవాళ్ళు. వాదన ఆ ఒక్క ఇంటి దగ్గర ఆగలేదు. ఆ గాలివాన రోజుల్లో మా పల్లెవాళ్ళను నూతిలో చేద వెయ్యనివ్వలేదని, దోసిళ్ళలోకి పైనుంచి నీళ్ళు పోశారని, తనూ అలాగే పోశానని ఒక ముసలాయన తనంతట తానే బయటపెట్టాడు. గంపలతో ఎక్కే మా ఆడవాళ్ళను ఆటో డ్రైవరు ఎక్కించుకోకపోతే, లోపల కూర్చున్న ఒక కాలేజీ పిల్ల "నువ్వు కూడా ఈ యేళొద్దంతావేటి?" అని నిలదీసిందట. అతను సిగ్గుపడి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ఎవరినైనా దెప్పాలంటే ఊళ్ళో అదే మాట వాడేవాళ్ళు.

మాస్టారి సంతోషం ఇంతా అంతా కాదు. "చూశావా, నాటకం తెర పడ్డాక మొదలైంది" అన్నారు నాతో. నిజమే కావచ్చు. నా బెంచీకి కూడా జనం వచ్చారు, క్లాసు లీడరుతో సహా. అందరూ మాట్లాడుతున్నారు. మాట్లాడనివాళ్ళు ముగ్గురే, మామ్మా, పెద్దావిడా, నా నేస్తం.

నేస్తం వారం తర్వాత బడికొచ్చింది. నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా చెప్పింది. "మామ్మ అన్నం తినడం నేదు. పొద్దున్నించీ తలుపు బార్లా తీసి గుమ్మంలోనే కూకుంటంది. మీ మామ్మనొక్కసారి రమ్మను."

మా మామ్మ ఆ వీధికి వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి వేరే ఊళ్ళకు పోతోంది. నేను సంగతి చెబితే, "తలుపు తీసుంటే నానేటని కేకెయ్యను?" అంది. ఎంత బతిమాలినా అదే మాట.

మర్నాడు నేస్తానికి అదే చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

"మా ఇల్లని నీకు ముందే తెలుసు" అంది.

"తెల్దు నేస్తం, ఒట్టు. తలుపు తెద్దామన్నది నువ్వే గదా."

"మా తలుపు పెట్టి, నా గొంతు పెట్టి, మా మామ్మని పదిమందిలో నిలబెట్టినావు." ఆ తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచింది. హాజరు పట్టీలో ఉన్నట్టు, ఇంటిపేరుతో సహా. పిలిచి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాక వాళ్ళ నాన్న ఆమెను పదో తరగతికి శ్రీకాకుళంలో హాస్టల్లో వేశాడు. వెళ్ళే ముందు నాకు చెప్పలేదు. మాస్టారికి కూడా ఆ వేసవిలో బదిలీ అయింది. తలుపు మాత్రం బడి వరండాలో గోడకు చేరగిలబడి ఉండిపోయింది, తిరిగి పట్టుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

సెలవుల్లో ఒక మిట్టమధ్యాహ్నం. ఇసక గాలి కొడుతోందని తలుపు వేసుకుని లోపల చేపలకు ఉప్పు పట్టిస్తున్నాం. బయట ఆటో ఆగింది. తర్వాత వినబడింది.

"సేపలమ్మా..."

పెద్దావిడ. నలభై ఏళ్ళుగా ఆవిడ మామ్మను పిలిచిన పిలుపు అదే, పేరు తెలియదు. తలుపు కొట్టలేదు. వీధిలో నిలబడి, మామ్మ ఆవిడ గుమ్మం ముందు కేకేసినట్టే కేకేసింది.

నేను గభాలున లేచాను. మామ్మ ఉప్పు చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. తలుపు వైపు తిరక్కుండా, చేతిలో చేప కింద పెట్టకుండా అంది.

"ఈ యేళొద్దు."

మాస్టారు పది రోజులు అడిగింది అలా అనమనే. ఆటో వెనక్కి తిరిగి వెళ్ళిపోవడం వినబడింది.

మామ్మ అప్పుడు చేప కింద పెట్టింది. "ఒక్క కేకకే తెలిసిపోనాదే గొంతు" అంది. "తలుపడ్డముంటేటి? రోజూ యినే గొంతు తెలీకపోద్దేటి?" అని ఏడ్చింది. మామ్మ ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నాకు భయమేసింది.

"అయితే ఆవిడకీ తెలుసన్నమాట" అన్నాను, నాకు కావలసిన సాక్ష్యం దొరికినట్టు.

"తెలిసే అంటాం, గుంటా. ఇప్పుడు నానూ అన్నాను గదా."

మర్నాడు తెల్లారి మామ్మ గంప నిండా చేపలతో ఆ వీధికే వెళ్ళింది. ఏం జరిగిందో నేను చూడలేదు. మధ్యాహ్నం ఖాళీ గంపతో వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది ఒక్కటే. "తలుపేసీమన్నాను. ఈగలొచ్చీస్తన్నాయి."

ఆ తర్వాత నడవగలిగినన్నాళ్ళూ మామ్మ రోజూ ఆ ఇంటికే వెళ్ళింది. గేటు బయట నిలబడి కేకేసేది, పెద్దావిడ తలుపు తీసేది. ధర దగ్గర ఇద్దరూ తిట్టుకునేవాళ్ళట. అంతకు మించి ఏం మాట్లాడుకున్నారో వాళ్ళతోనే పోయింది. ముందు మామ్మ వెళ్ళింది, రెండేళ్ళకు పెద్దావిడ.

వాళ్ళిద్దరూ నలభై ఏళ్ళ దాన్ని మూడు నెలల్లో దాటేశారు. మేమిద్దరం పదేళ్ళు దాటినా దాటలేదు. నేస్తం శ్రీకాకుళంలోనే స్థిరపడిందని, కాలేజీలో పాఠం చెబుతోందని తెలిసింది. చిరునామా సంపాదించడానికి నాకు ఎక్కువ కష్టం కాలేదు.

మొన్న ఆ వాన రోజు తర్వాత ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. నాగావళి వంతెన దాటాక ఆటో ఎక్కి, అడిగి అడిగి ఆ వీధి పట్టుకున్నాను. చేతి సంచిలో వేపుడు నెత్తళ్ళ డబ్బా కూడా ఉంది. తలుపు వేసి ఉంది. పక్కన బెల్లు ఉంది, నొక్కితే సరిపోతుంది, మామ్మకు లేని సౌకర్యం అది. లోపల ఎవరితోనో ఆమె మాట్లాడుతోంది. ఇన్నేళ్ళయినా గొంతు మారలేదు, మైకు అక్కర్లేదు. నేను బెల్లు మీద వేలు పెట్టి నిలబడ్డాను. నొక్కితే "ఎవరూ" అంటుంది, "నేస్తం" అనాలి. ఆ ఒక్క మాటకే నా గొంతు ఆమెకు తెలిసిపోతుంది. తెలిశాక లోపలి నుంచి ఏమంటుందో వినే ధైర్యం నాకు లేకపోయింది. చెయ్యి తీసేసి, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వచ్చేశాను.